వరహాలమ్మ నడకకి దగ్గర ఇల్లు తీసుకున్న వైనం

తెలివిని కుంచాలతో కొలిచే రివాజే ఉంటే, పిడకలపాలెంలో గంటావారింట్లో గాదె నిండి వీధిలోకి ఒలికిపోయేదని వరహాలమ్మ గట్టి నమ్మకం. కొత్తగా కాపురానికి వచ్చిన రోజుల్లో అత్తగారు, "పిల్లి పాలు తాగకుండా మూత పెట్టవే" అంటే, ఆవిడ ఆలోచించింది. గిన్నె మీద పెడితే ఆ గిన్నెకే కాపలా. పిల్లి మీద పెడితే ఊళ్ళో పాలన్నిటికీ కాపలా. అంతే, పిల్లి మీద గంప బోర్లించింది. అంత ముందుచూపు.

ఆవిడ మొగుడు గవర్రాజూ తక్కువవాడేం కాదు. రాజమండ్రిలో బట్టల కొట్లో గుడ్డ కొలిచే ఉద్యోగం. రోజూ పొద్దున్నే గజం బద్ద సరిగ్గా ఉందో లేదోనని గుడ్డతో కొలిచి చూసుకునేంత నికార్సయిన మనిషి. ఇక వరహాలమ్మ తమ్ముడు నూకరాజు. పెళ్ళీ పెటాకులూ లేకుండా అక్క ఇంట్లోనే ఉండేవాడు. ఒకసారి ఎవరికో తోడు కోర్టు గుమ్మం దాకా వెళ్ళొచ్చాడు కాబట్టి ఆ ఇంట్లో సలహా అంటే నూకరాజుదే.

ఈ ఇంటి తెలివికి వంక పెట్టిన మనిషి లోకంలో ఒక్కతే, ఆడపడుచు శేషారత్నం. ఎవరిదో పెళ్ళిలో పులిహోర వడ్డిస్తూ, "మా వదినకి బుర్ర కాస్త నెమ్మది" అంది. ఆ మాట అన్నప్పుడు వరహాలమ్మకి పెద్దకొడుకింకా పుట్టలేదు. ఇప్పుడు ఆ కొడుక్కి బట్టతల మొదలైంది. వరహాలమ్మ ఇంతవరకూ పులిహోర ముట్టలేదు.

సరే, పిల్లలు పెద్దవాళ్ళయ్యారు. కొడుకులిద్దరూ ఉద్యోగాల ఊళ్ళలో కాపురాలు పెట్టారు. ఆఖరిది మాణిక్యానికి మొన్న వైశాఖంలో పెళ్ళయింది, అత్తారింటికి వెళ్ళింది. ఇంకేముంది, ఇల్లు బోసిపోయింది. గవర్రాజు తుమ్మితే ఆ చప్పుడు గదులన్నీ తిరిగొచ్చేది. అవతల గదిలో ఇంకెవరో తుమ్మారనుకుని నూకరాజు "చిరంజీవ" అంటూ వెళ్ళి వెతికొచ్చేవాడు.

వరహాలమ్మకి ఒక్క కోరిక మిగిలింది. పొగలు కక్కే అన్నం, కందిపొడి, నెయ్యి. పీటల మీద ఈ పక్క తను, ఆ పక్క మొగుడు. ఇద్దరూ ఒక్కసారి కూర్చుని వేడివేడిగా తినాలి. పెళ్ళయినప్పట్నుంచీ ఆ యోగం లేదు. ఎందుకంటే, "దీపాలు పెట్టే వేళకి అన్నం దిగాలి" అని అత్తగారు చెప్పి పోయింది. దీపాలు పెట్టే వేళకి అన్నం దిగేది. అదే వేళకి గవర్రాజు ఊరవతల హాల్టులో రైలు దిగేవాడు. అక్కణ్ణుంచి కాలవగట్టెమ్మట నడిచి నడిచి ఇల్లు చేరేసరికి అన్నం రాయి. పిల్లలున్నన్నాళ్ళూ వాళ్ళకి వేడిగా పెట్టి, తను మొగుడితో చల్లటిది తింది. ఇంక తినదు. తినకూడదని పంతం పట్టింది.

మాణిక్యం అత్తారింటికి వెళ్తూ చెప్పింది. "అమ్మా, ఇద్దరికీ ఇంత ఇల్లెందుకే? టౌన్లో నాన్న కొట్టుకి దగ్గర్లో, అన్నిటికీ నడిచిపోయేలా ఉండే పేటలో ఇల్లు చూసుకోండి. తొందరపడి ఒప్పేసుకోకండి. నడిచి చూసి మరీ తీసుకోండి."

"అలాగేనమ్మా. నడిచి చూడకుండా తీసుకోవడానికి మేమేమన్నా తెలివితక్కువ వాళ్ళమా?" అంది వరహాలమ్మ.

అంతే. మర్నాడు కోడి కూయగానే ముగ్గురూ నడక మొదలెట్టారు, పిడకలపాలెం నుంచి రాజమండ్రికి. రైలు పక్కనించే పోయింది. డ్రైవరు చెయ్యూపాడు కూడాను. "మనం ఎక్కకూడదు. నడిచి చూడమంది పిల్ల" అన్నాడు గవర్రాజు. మిట్టమధ్యాహ్నానికి చెప్పులు చేత్తో పట్టుకుని, కాళ్ళు బొబ్బలెక్కి, ఇళ్ళ బ్రోకరు భద్రం గుమ్మం ముందు కూలబడ్డారు.

భద్రం పరిగెత్తుకొచ్చి మంచినీళ్ళిచ్చాడు. "రండి రండి. మంచి పేట చూపిస్తానండి. అన్నీ నడక దూరమేనండి."

"అబద్ధం," అంది వరహాలమ్మ మడమ నిమురుకుంటూ. "తెల్లారగట్ల బయల్దేరాం. ఇదా నడక దూరం? ఈ రాజమండ్రి మొత్తంలో నడకకి దగ్గరున్న ఇల్లు ఒక్కటీ లేదు."

"అయ్యో అమ్మగారూ, ఊర్నించి కాదండి. ఇంటి నుంచి నడవాలండి."

"మా ఇంటి నుంచే కదయ్యా నడిచాం!"

"ఆ ఇల్లు కాదండి బాబూ! కొత్తింటి నుంచి!"

నూకరాజు గొంతు సవరించుకున్నాడు. "కొత్తిల్లు ఇంకా తీసుకోలేదు కదండీ. లేని ఇంటి నుంచి ఎలా నడుస్తారండీ? కోర్టులో చెల్లదు."

భద్రం ఓ రిక్షా పిలిచి ముగ్గుర్నీ ఎక్కించి, గిద్దలపేట అనే చోట ఓ పెంకుటింటి ముందు దించాడు. ఇల్లు బాగానే ఉంది. గాలీ వెలుతురూ ఉన్నాయి. వంటగదిలో గట్టు మాత్రం అరచెయ్యంత ఎత్తెక్కువ, కట్టించినవాడి పెళ్ళాం తాడిచెట్టంత మనిషయి ఉండాలి అనుకుంది వరహాలమ్మ.

"స్టేషను ఎంత దూరమోయ్?" అన్నాడు గవర్రాజు.

"ఎంతండీ, ఈ గుమ్మంలోంచి రెండడుగులేస్తే స్టేషనండి."

గవర్రాజు పంచె ఎగ్గట్టాడు. కొత్తచోటు కదా అని కుడికాలు ముందు పెట్టాడు, అది మెట్టు మీద పడింది. ఎడంకాలు వేశాడు. ఇంకేముంది, మురుక్కాలవలో నడుం దాకా దిగిపోయాడు. అక్కడ నిలబడే అటూ ఇటూ చూసి కేకేశాడు. "భద్రం! రెండో అడుగు అయిపోయిందోయ్! ఇక్కడ రైలేం ఆగట్లేదు!"

"మీ అడుగులు పొట్టివండీ. మీ అమ్మగారి పోలిక," అంది వరహాలమ్మ పైనించి. అత్తగారి మీద ఆవిడకో చిన్న లెక్క మిగిలే ఉంది.

"పొట్టీ పొడుగూ కాదక్కా. అసలు ఎవరి అడుగులనేది తేల్చాలి," అన్నాడు నూకరాజు. "మాట అన్నోడే రుజువు చెయ్యాలి, కోర్టులో అంతే. భద్రంగారూ, మీరు వెయ్యండి ఆ రెండడుగులు."

"నేనా? ఏదో మాటవరసకి అన్నానండి!"

"వరస తప్పకుండానే వెయ్యండి. ముందు కుడికాలు."

భద్రం వద్దు వద్దంటూనే ఉన్నాడు. నూకరాజు భుజాలు పట్టుకుని గుమ్మంలో సర్ది నిలబెట్టి, వెనకనించి కాస్త సాయం పట్టాడు. మొదటి అడుగు మెట్టు. రెండో అడుగుకి గవర్రాజు సరిగ్గా కాలవలోంచి పైకొస్తున్నాడు. భద్రం అతని నెత్తిన పడ్డాడు. ఇద్దరూ మళ్ళీ లోపలికి పోయారు.

"ఏవండోయ్, కనపడిందా?" అని వంగి అడిగింది వరహాలమ్మ.

"నల్లగా ఉందే, రైలు కాదు," అన్నాడు గవర్రాజు.

ఆ ఇల్లు వద్దన్నారు. భద్రం ఒళ్ళు కడుక్కుని, బట్టలు మార్చుకుని, ఇంకోచోటికి తీసుకెళ్ళాడు. పట్టువదలని మనిషి. ఈసారి అడుగుల ఊసెత్తలేదు. సంత వీధిలో మేడ కింద రెండు గదులు, వీధివైపు పెద్ద కిటికీ.

"అమ్మగారూ, మీకిది బంగారం. పొద్దున్నే సంచీ పట్టుకుని బయల్దేరే పనిలేదు. ఈ కిటికీలోంచి చెయ్యి చాపితే కూరండి."

వరహాలమ్మ మొహం వికసించింది. గాజులు పైకి తోసి, కిటికీ ఊచల్లోంచి చెయ్యి బయటికి చాపి, గుప్పిట తెరిచి కూర్చుంది. చాలాసేపు ఏమీ తగల్లేదు. ఓ ఆవు నాకి పోయింది. "తొందరపడకక్కా, కూరలు వచ్చే వేళవ్వాలి," అన్నాడు నూకరాజు. అంతలో మెత్తగా ఏదో చేతికి తగిలింది. అంతే, ఆవిడ గట్టిగా పట్టుకుంది.

అది కోడి. ఓ కోళ్ళవాడు సైకిలు హేండిలుకి కోళ్ళని తలకిందులుగా కట్టుకుని పోతున్నాడు. ఆవిడ పట్టింది ఆఖరి కోడి కాలు. అది పట్టగానే సైకిలు అడ్డం తిరిగింది. కోళ్ళు తాళ్ళు తెంపుకుని లేచాయి, వీధంతా ఈకలే. కోళ్ళవాడు వెల్లకిలా పడి, "అమ్మో, ఇల్లు కోడిని పట్టేసింది!" అని అరిచాడు.

"ఇది కూర కాదే," అన్నాడు గవర్రాజు కిటికీలోంచి చూసి.

"కూరే బావా, ఇంకా వండలేదంతే," అన్నాడు నూకరాజు.

"నేను వదల్ను. మొదటిరోజే వదిలేస్తే రేపట్నించి ఏదీ చేతికి రాదు," అంది వరహాలమ్మ. కోళ్ళవాడు లోపలికొచ్చి, భద్రాన్ని పట్టుకుని నాలుగు తిట్టి, కోడిని విడిపించుకుని పోయాడు. కోడి పోయాక ఆవిడ మొహం చిన్నబోయింది. అక్కడ కూరలు దొరుకుతాయి గానీ ఉండవు, అలాంటి పేట వద్దంది.

భద్రం తల పట్టుకున్నాడు. అయినా ఆఖరి ప్రయత్నంగా ఊరి చివర చిన్న స్టేషను పక్కనున్న పేటకి తీసుకెళ్ళాడు. నోరు తెరిచే ముందు చాలాసేపు ఆలోచించాడు. "అయ్యా, ఇక్కడ అడుగుల్లేవు, చేతుల్లేవు. పొద్దున్నే రైలెక్కడం, కొట్టు దగ్గర దిగడం, అంతేనండి."

"ఎక్కడం, దిగడం. ఇంత సులువా?" అన్నాడు గవర్రాజు. అప్పుడే రైలొచ్చి ఆగింది. గవర్రాజు ఎక్కాడు. పెట్టెలో అడ్డంగా నడిచి, అవతలి తలుపులోంచి దిగాడు. రైలు వెళ్ళిపోయింది. చూస్తే పట్టాలకి అవతల కంకర కుప్ప మీద నిలబడి కొట్టు కోసం వెతుకుతున్నాడు.

అక్కడ గేటు దగ్గర కాపలా మనిషి పరిగెత్తుకొచ్చాడు. "ఏమయ్యా పెద్దాయనా, అటు దిగేవేంటి?"

"ఎక్కాను, దిగాను. మా బట్టల కొట్టేదయ్యా?"

"ఎక్కిన చోటే దిగితే కొట్టెలా వస్తుందయ్యా! బండి కదలాలి. కదిలాక దిగాలి!"

"అదీ మాట. ఆ సంగతి భద్రం చెప్పడేం?" అన్నాడు గవర్రాజు. తర్వాతి రైలొచ్చింది. గవర్రాజు ఎక్కి తలుపు దగ్గరే నిలబడ్డాడు. కూత వేసింది. కదిలింది. కదిలింది కదా, దిగాడు. ఇంకేముంది, దొర్లుకుంటూ వెళ్ళి తుమ్మకంపలో పడ్డాడు. వరహాలమ్మ గుండెలు బాదుకుంటూ పరిగెత్తింది. ముళ్ళు తీస్తూ కూర్చుంది. కళ్ళనీళ్ళు తిరిగాయావిడకి. "ఏవండీ, నా వేడన్నం కోసం మీ ఒళ్ళు జల్లెడైపోయిందండీ."

"ఏడవకే. ముల్లు దిగింది గానీ కోరిక దిగలేదు," అన్నాడు గవర్రాజు. మొదటిసారి పెళ్ళాం చేత అంతసేపు ముళ్ళు తీయించుకున్నాడు, లోలోపల బాగానే ఉంది అతనికి. "కందిపొడిలో వెల్లుల్లి కాస్త ఎక్కువ వెయ్యి," అని కూడా చెప్పాడు.

భద్రం చేతులెత్తి దణ్ణం పెట్టాడు. ఇంక నోరు తెరవదల్చుకోలేదు. ముగ్గుర్నీ తీసుకెళ్ళి సరిగ్గా గవర్రాజు పనిచేసే బట్టల కొట్టు ముందు నిలబెట్టాడు. ఎదురుగుండా ఓ డాబా ఇల్లు ఖాళీగా ఉంది. మాట్లాడకుండా దాన్ని వేలితో చూపించాడు.

వరహాలమ్మ అతని వేలు పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. "గోరు పెరిగిందయ్యా. తీసుకో."

"అమ్మా! వేలు కాదు! అదిగో కొట్టు. ఇదిగో ఇల్లు. మధ్యలో రోడ్డు. వెనక కూరల బజారు. ఇంక నన్నేమీ అడక్కండి!"

ముగ్గురూ చూశారు. కొట్టుంది. ఇల్లుంది. రోడ్డుంది. నూకరాజు మూడుసార్లు దాటి చూశాడు, ఎటునించి దాటినా అంతే ఉంది. "ఇందులో మోసం లేదు," అన్నాడు. ఒప్పేసుకున్నారు. భద్రం ఆ రోజునుంచి బ్రోకరు పని మానేసి బెల్లం వ్యాపారంలో దిగాడని చెప్పుకుంటారు.

మంచిరోజు చూసి సామాను చేర్చారు. పాలు పొంగించారు. వరహాలమ్మ ఆనందం అంతా ఇంతా కాదు. అన్నిటికీ నడిచిపోవచ్చు కదా, అందుకని కరివేపాకుకి ఓసారి వెళ్ళొచ్చింది, మిరపకాయలకి ఓసారి వెళ్ళొచ్చింది, ఉప్పుకి ఓసారి. అన్నీ ఒకేసారి తెచ్చేసుకుంటే నడకకి దగ్గరగా ఉండి ఏం లాభం? వంటింటి కిటికీలోంచి కొట్టు కనపడుతోంది. గవర్రాజు బద్దని గుడ్డతో కొలుచుకోవడం కూడా కనపడుతోంది. తెల్లారకుండానే బయల్దేరి ఎటు వెళ్ళాడో, కొట్టు తెరిచే వేళకి చెమటలు కక్కుకుంటూ వచ్చాడు గానీ, కొత్త ఇంటి సంబరం కదా అని ఆవిడ పట్టించుకోలేదు.

దీపాలు పెట్టే వేళయింది. అన్నం దించింది. ఎసరు ఎక్కడా మిగల్లేదు, మెతుకు మెతుకూ విడివిడిగా మల్లెపువ్వుల్లా ఉంది. రెండు పీటలు వేసింది. కందిపొడి, నెయ్యి. కిటికీలోంచి చూసింది. కొట్టు కట్టేశారు. గవర్రాజు బయటికొచ్చాడు. రోడ్డుకి అటు చూశాడు, ఇటు చూశాడు. ఇంటివైపు చూసి వరహాలమ్మకి చెయ్యి కూడా ఊపాడు. ఊపి, గబగబా స్టేషనుకి వెళ్ళిపోయాడు.

మళ్ళీ వచ్చేసరికి అన్నం రాయి.

"ఎక్కడికండీ వెళ్ళారు?" అంది వరహాలమ్మ. "రోడ్డు దాటితే ఇల్లు కదా! ఇంత చేసి, ముళ్ళు గుచ్చించుకుని, ఇవాళ కూడా చల్లన్నమేనా?"

గవర్రాజు జేబులోంచి సీజన్ టికెట్టు తీసి పీట మీద పెట్టాడు. చదువు అంతంతమాత్రమే అయినా ఊరి పేరు గుర్తుపడతాడు. "నా చేతిలో ఏముందే? ఇల్లు మారింది గానీ టికెట్టు మారలేదుగా. దీని మీద పిడకలపాలెం నుంచి రాజమండ్రికి రావాలని ఉంది. సాయంత్రం రాజమండ్రి నుంచి పిడకలపాలెం వెళ్ళాలని ఉంది. పొద్దున్నే అక్కడికి వెళ్ళి, అక్కణ్ణుంచి కొట్టుకొచ్చాను. సాయంత్రం అక్కడికెళ్ళి, హాల్టులో దిగి, ఇంటికొచ్చేశాను. గవర్నమెంటు కాగితం, కాదంటే ఎలా?"

"కాదనకూడదక్కా," అన్నాడు నూకరాజు భయంగా. "కోర్టు దాకా పోతుంది."

అది నిజమే. వరహాలమ్మ చల్లన్నం ముందు గడ్డం కింద చెయ్యి పెట్టుకుని కూర్చుంది. ఆ రాత్రి ముద్ద దిగలేదు. శేషారత్నం ఈ సంగతి వింటే ఎన్ని పెళ్ళిళ్ళలో చెబుతుందో అని కూడా అనుకుంది. కానీ ఆ ఇంట్లో తెలివికి కరువా? తెల్లారేసరికి ఆవిడకే తట్టింది.

"ఏవండీ, దీపాలు పెట్టే వేళకి మీరెక్కడుంటారు?"

"పిడకలపాలెం హాల్టులో దిగుతుంటాను."

"మరి అన్నం కూడా అక్కడే దిగితే?"

నూకరాజు లేచి అక్క కాళ్ళకి దణ్ణం పెట్టాడు. అంతే. ఆ రోజునుంచి మధ్యాహ్నం రైలుకి వరహాలమ్మ కిరసనాయిలు స్టవ్వూ, గిన్నే, బియ్యం, రెండు పీటలూ మూట కట్టుకుని పిడకలపాలెం వెళ్ళేది. నూకరాజు కందిపొడి డబ్బా మోసేవాడు. హాల్టులో రేకుల షెడ్డు కింద స్టవ్వు వెలిగించి, రైలు కూత వినపడగానే అన్నం దించేది. గవర్రాజు కాలు కింద పెట్టేసరికి పొగలు.

మొదటిరోజు ఇద్దరూ ఎదురెదురుగా పీటల మీద కూర్చున్నారు. గవర్రాజు నెయ్యి వేసుకున్నాడు. వేసీ వెయ్యగానే కరిగిపోయింది. "అబ్బ, కాలిందే!" అన్నాడు నాలిక బయటపెట్టి. ఆ మాట కోసమే పెళ్ళయినప్పట్నుంచీ ఎదురుచూసింది వరహాలమ్మ. కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వింది, ఏడిచింది, ఇంకో గరిటె వడ్డించింది.

పాత పొరుగింటి కోటమ్మ కూతురింటికి వెళ్ళడానికి రైలు కోసం వచ్చి, ఇది చూసి నోరెళ్ళబెట్టింది. "ఏంటొదినా, ఇల్లు దొరకలేదా టౌన్లో?"

"దొరక్కపోవడమేంటమ్మా! ఆయన కొట్టుకి సరిగ్గా ఎదురుగుండా. రోడ్డు దాటితే ఇల్లు. అంత దగ్గరగా తీసుకోబట్టే కదా ఇవాళ ఇద్దరం ఇలా వేడిగా తింటున్నాం."

కోటమ్మ సంగతంతా అడిగి తెలుసుకుని, చివరికి జాలిగా అంది. "పోనీలే ఒదినా. ఆ టికెట్టుకో గడువుంటుందిగా. అదయిపోతే ఈ తిప్పలుండవు. హాయిగా రోడ్డు దాటి ఇంటికొచ్చేస్తారు అన్నయ్యగారు."

వరహాలమ్మ గరిటె పక్కన పెట్టి, పిచ్చిదాన్ని చూసినట్టు కోటమ్మని చూసి నవ్వింది.

"అంత ముందుచూపు లేకపోతే ఎలా బతుకుతాం కోటమ్మా? గడువైపోతే వేడన్నం గతేం కాను? అందుకే ఇవాళ పొద్దున్నే ఏడాది పొడుక్కీ కొత్తవి తీసేసుకున్నాం," అంది. "ముగ్గురికీ."